పార్లమెంటులో ఫిరోజ్ గాంధీ: ఒక పాత గుమాస్తా మాట



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో అదే తేదీన డి.ఎస్. నకారా కేసులో సుప్రీంకోర్టు, పింఛను ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదని, చేసిన సేవకు దక్కవలసిన హక్కు అని తీర్పు చెప్పింది. ఆ దినాన్ని పురస్కరించుకొని వెలువడే ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని మన కార్యదర్శి గారు అడిగారు. ఆ తీర్పును గురించి నాకంటే బాగా వ్రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. అందుచేత నేను సరిగ్గా పాతికేళ్ళు, ఒక్క రోజు వెనక్కి వెళ్తాను. 1957 డిసెంబరు 16న లోక్‌సభలో ఫిరోజ్ గాంధీ గారు చేసిన ప్రసంగాన్ని గురించి, దాని వెనుకా ముందూ నడిచిన ప్రశ్నలను గురించి నాలుగు మాటలు చెప్పుకుంటాను.

ఢిల్లీలో జరిగిన చర్చకూ, జిల్లా కార్యాలయంలో గుమాస్తాగా చేరి 2008లో పదవీ విరమణ చేసిన నాకూ ఏమి సంబంధమని మీకు తోచవచ్చు. రెండు సంబంధాలున్నాయి. ఒకటి మా నాన్నగారి బీమా పాలసీ. రెండవది నా చేతితో నేను వ్రాసిన ఒక జవాబు.

మొదట పాలసీ సంగతి. మా నాన్నగారు కృష్ణా జిల్లాలో పల్లెటూరి బడిపంతులు. మచిలీపట్నంలోని ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీలో వెయ్యి రూపాయలకు పాలసీ కట్టారు. ఆ కంపెనీని 1925లో డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు స్థాపించారు. ఆ రోజుల్లో పంతుళ్ళకు జీతం ఏ నెలకు ఆ నెల చేతికందితే అదే గొప్ప. ఇంట్లో ఏది తప్పినా ప్రీమియం మాత్రం తప్పనిచ్చేవారు కాదు. బాండు కాగితాన్ని ఇనప్పెట్టెలో, పొలం దస్తావేజుల కింద దాచేవారు. 1956లో, నాకు ఆరేళ్ళప్పుడు, మీ పాలసీ ఇకమీదట ప్రభుత్వ సంస్థకు చేరిందని ఉత్తరం వచ్చిందట. "ఇక భయం లేదే, సర్కారు చేతిలోకి వెళ్ళింది" అని ఆయన మా అమ్మతో అన్న మాట మా ఇంట్లో చాలాకాలం చెప్పుకొనేవారు.

ఆ ఉత్తరం రావడానికి కారకులైన వారిలో ఫిరోజ్ గాంధీ గారు ఒకరు. ఆయన పార్సీ కుటుంబంలో 1912 సెప్టెంబరు 12న జన్మించారు. మహాత్మునితో చుట్టరికం లేదు. స్వాతంత్ర్యోద్యమంలో జైలుకు వెళ్ళారు. లక్నోలో నేషనల్ హెరాల్డ్ పత్రిక నిర్వహణ చూశారు. 1942లో ఇందిర గారిని వివాహమాడి నెహ్రూ గారికి అల్లుడయ్యారు. 1952, 1957 ఎన్నికల్లో ఉత్తరప్రదేశ్‌లోని రాయబరేలీ నుండి కాంగ్రెసు పక్షాన లోక్‌సభకు వచ్చారు. మొదటి ఏళ్ళలో ఆయన సభలో పెద్దగా మాట్లాడలేదు. ప్రధానమంత్రికి అల్లుడు, పాలక పక్షంలో వెనుక బెంచీ సభ్యుడు. మాట్లాడకపోయినా అడిగేవారు లేరు.

1955 డిసెంబరులో బీమా చట్ట సవరణ చర్చకు వచ్చినప్పుడు ఆయన లేచారు. రామకృష్ణ దాల్మియా అనే పెద్ద వ్యాపారి చేతిలోని భారత్ ఇన్సూరెన్స్ కంపెనీ సొమ్ము, అంటే పాలసీదారులు కట్టిన ప్రీమియాలు, ఏ కంపెనీలోనుంచి ఏ కంపెనీలోకి పోయి ఎక్కడ తేలిందో వరుసగా విప్పి చెప్పారు. తిట్టలేదు, ఉపన్యాసం దంచలేదు. లెక్కలు చదివారు. ఆ వ్యవహారం కోర్టుకు వెళ్ళింది. దాల్మియాకు పడిన రెండేళ్ళ జైలు శిక్షను సుప్రీంకోర్టు 1962లో ఖాయం చేసింది. ఈలోగా 1956 జనవరి 19న ఆర్డినెన్సు ద్వారా జీవిత బీమా వ్యాపారాన్ని ప్రభుత్వం చేతిలోకి తీసుకున్నారు. ఆర్థికమంత్రి చింతామణ్ దేశ్‌ముఖ్ గారు ఆ సంగతి రేడియోలో చెప్పారు. దేశీయ, విదేశీ కంపెనీలు, ప్రావిడెంటు సంఘాలు కలిపి 245 సంస్థలను ఒకటిగా చేసి 1956 సెప్టెంబరు 1న జీవిత బీమా సంస్థను ఏర్పాటు చేశారు. మా నాన్నగారి వెయ్యి రూపాయలు అలా ఎల్.ఐ.సి.కి చేరాయి.

ఆ సంవత్సరమే ఫిరోజ్ గాంధీ గారు ఇంకొక పని చేశారు. సభలో సభ్యుడు ఏమి మాట్లాడినా అతనిపై దావా వేయడానికి లేదు. కాని ఆ మాటను ఉన్నదున్నట్టు అచ్చువేసిన పత్రికకు ఆ రక్షణ లేదు. సభలో వెల్లడైన నిజం నాలుగు గోడల మధ్యనే ఉండిపోతే ఓటు వేసినవాడికి తెలిసేదెలా? అందుకని పార్లమెంటు కార్యకలాపాలను దురుద్దేశం లేకుండా, యథాతథంగా ప్రచురించే పత్రికలకు రక్షణ కల్పించే బిల్లును ఆయన ప్రైవేటు సభ్యుడిగా ప్రవేశపెట్టి, 1956లో చట్టం చేయించారు. స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత ఇప్పటిదాకా చట్టాలైన ప్రైవేటు సభ్యుల బిల్లులు మొత్తం 14 మాత్రమే. వాటిలో ఇది ఒకటి.

ఇక 1957కు వద్దాము. ఆ జూన్‌లో ఎల్.ఐ.సి., కలకత్తా వ్యాపారి హరిదాస్ ముంద్రా చేతిలోని ఆరు కంపెనీలలో కోటీ పాతిక లక్షల రూపాయల వరకు వాటాలు కొన్నది. ఆ కంపెనీలలో చాలావాటి పరిస్థితి బాగాలేదు. పెట్టుబడులపై సలహా చెప్పడానికి సంస్థకు ఒక కమిటీ ఉండగా ఆ కమిటీని ముందుగా అడగలేదు. వాటాలను బజారులో కొనకుండా నేరుగా ముంద్రాతోనే బేరమాడారు.

1957 సెప్టెంబరులో ఈ విషయమై లోక్‌సభలో ప్రశ్న వచ్చింది. బీహారుకు చెందిన కాంగ్రెసు సభ్యుడు డాక్టర్ రామ్ సుభగ్ సింగ్ గారు దీనిపై పట్టుబట్టినవారిలో ఒకరు. జవాబు వచ్చింది గాని సంగతి బయటపడలేదు. నవంబరు చివర మళ్ళీ ప్రశ్న వచ్చింది. ఈసారి ఫిరోజ్ గాంధీ గారు అనుబంధ ప్రశ్నలు వేశారు. అప్పుడూ పూర్తి జవాబు రాలేదు. దానిమీదట డిసెంబరు 16న చర్చ పెట్టించారు. అప్పటి స్పీకరు మన తిరుచానూరు వాస్తవ్యులు మాడభూషి అనంతశయనం అయ్యంగార్ గారు.

నేను ఆ చర్చ చదివింది మొన్న మొన్ననే. పార్లమెంటు డిజిటల్ గ్రంథాలయంలో 1952 నుండి లోక్‌సభ చర్చలన్నీ పెట్టారని మా మనుమరాలు చెప్పి, తన కంప్యూటరులో అక్షరాలు పెద్దవి చేసి ఇచ్చింది. ఇంత తీవ్రమైన విషయం ఎదురైనప్పుడు ఊరుకోవడం నేరమవుతుందనే భావంతో ఫిరోజ్ గాంధీ గారు మొదలుపెడతారు. ఆ తర్వాత అంతా తేదీలు, ధరలు. ఫలానా కంపెనీ వాటా కొద్దిరోజుల ముందు బజారులో ఎంత పలికింది, ఎల్.ఐ.సి. ఎంతకు కొన్నది, తేడా ఎవరి జేబులోకి పోయింది. మన ఆడిట్ పార్టీ వచ్చి రిజిస్టర్లు ముందేసుకొని అడిగినట్టే ఉంటుంది. ఆయన అడిగింది తన పార్టీ ప్రభుత్వాన్ని, తన మామగారి మంత్రివర్గాన్ని.

ఫలితం మీకు తెలిసిందే. 1958 జనవరిలో బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎం.సి. చాగ్లా గారితో ఏకసభ్య విచారణ సంఘాన్ని నియమించారు. ఆయన బహిరంగంగా విచారణ జరిపారు. లోపల చోటు చాలక బయట లౌడ్ స్పీకర్లు పెడితే జనం నిలబడి విన్నారు. నెల తిరగకముందే, ఫిబ్రవరిలో, నివేదిక వచ్చింది. ఈ కొనుగోలు తన కార్యదర్శి చేసినదని ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి గారు వాదించగా, కార్యదర్శి చేసిన పనికి సభ ముందు బాధ్యత మంత్రిదేనని చాగ్లా గారు తేల్చారు. ఆ నెలలోనే కృష్ణమాచారి గారు రాజీనామా ఇచ్చారు. ఆ నెలాఖరున బడ్జెట్‌ను నెహ్రూ గారే స్వయంగా ప్రవేశపెట్టవలసి వచ్చింది.

న్యాయంగా మిగతా కథ కూడా చెప్పాలి. కృష్ణమాచారి గారు 1962లో మళ్ళీ మంత్రివర్గంలోకి వచ్చి, మరుసటి ఏడాది మళ్ళీ ఆర్థికమంత్రి అయ్యారు. ఆనాటి ఆర్థిక శాఖ ప్రధాన కార్యదర్శి హెచ్.ఎం. పటేల్ గారు సర్వీసు వదిలి రాజకీయాల్లోకి వచ్చి 1977లో తామే ఆర్థికమంత్రి అయ్యారు. ఎవరి జీవితమూ ఒక్క తప్పుతో ముగిసిపోలేదు. కాని సభలో చెప్పిన జవాబు, దాని వెనుక దాగిన నిజం రెండూ పక్కపక్కనే అచ్చులో నిలిచిపోయాయి.

ఇప్పుడు నా రెండవ సంబంధం చెప్పాలి. ఇది చెప్పడానికే ఇదంతా మొదలుపెట్టాను.

1980ల మొదట్లో నేను ఒక జిల్లా కార్యాలయంలో పింఛను సెక్షను చూసేవాడిని. ఎల్.ఏ.క్యూ. వచ్చిందంటే మన ఆఫీసుల్లో ఎలా ఉండేదో మీకు గుర్తుండే ఉంటుంది. అసెంబ్లీలో శాసనసభ్యుడు ప్రశ్న వేస్తే అది హైదరాబాదు నుండి వైర్‌లెస్‌లో దిగేది. తపాలు విప్పకముందే అర్జంటు చీటీ కట్టి బల్ల మీద పెట్టేవారు. తక్కిన కరెంట్లన్నీ పక్కకు పోవలసిందే. కాగితాన్ని నిలువునా మడిచి ఎడమవైపు ప్రశ్న, కుడివైపు జవాబు, కింద అనుబంధ ప్రశ్నల కోసం ఒక నోటు. మంత్రిగారు సభలో చదివే మాట ఎక్కడో మారుమూల ఒక గుమాస్తా కలం నుండి బయలుదేరేది.

ఆ రోజు వచ్చిన ప్రశ్న, మా శాఖలో ఏడాదికి మించి పరిష్కారం కాని పింఛను ప్రతిపాదనలు ఎన్ని, కారణాలేమిటి అని. నేను పర్సనల్ రిజిస్టరు తీసి లెక్క వేశాను. సంఖ్య పెద్దదే వచ్చింది. పై అధికారి చూసి, "అభ్యంతరాలతో తిప్పి పంపినవి మన దగ్గర లేవు కదా, వాటిని పెండింగులో ఎందుకు చూపిస్తావు?" అన్నారు. మాటకు మాటగా చూస్తే అది నిజమే. ఫైలు మా దగ్గర లేదు. సర్వీసు రిజిస్టరులో సంతకం లేదనో, పుట్టిన తేదీ దిద్దుబాటుకు ధ్రువీకరణ లేదనో వ్రాసి తిప్పి పంపాము. ఆ లెక్కన మిగిలినవి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. (ఎ) భాగానికి ఆ చిన్న సంఖ్య వేశాను. (బి) భాగానికి చర్యలు తీసుకొనబడుచున్నవి అని వ్రాశాను. అనుబంధ ప్రశ్నల నోటులో కూడా తిప్పి పంపినవాటి ఊసెత్తలేదు. సభలో అనుబంధ ప్రశ్న ఎవరూ వేయలేదు. జవాబు నెగ్గింది.

ఆ తిప్పి పంపిన ఫైళ్ళలో ఒకటి, సర్వీసులో ఉండగానే పోయిన ఒక సెకండరీ గ్రేడు పంతులు గారి భార్యది. ఆమె ప్రతినెలా బస్సులో వచ్చి వరండాలో వేపచెట్టు వైపు మొహం పెట్టి కూర్చొనేది. నన్ను చూడగానే లేచి, "బాబూ, మా కాగితం కదిలిందా?" అని అడిగేది. "పైనుండి రావాలమ్మా" అనేవాడిని. మా నాన్నగారు కూడా బడిపంతులే కదా. ఆమె అలా లేచి నిలబడినప్పుడల్లా నాకు తల ఎత్తబుద్ధయ్యేది కాదు.

మా సెక్షను సూపరింటెండెంటు గారు, అప్పటికే రిటైర్మెంటుకు దగ్గరలో ఉన్న పెద్దాయన, ఆ రోజు సాయంత్రం ఆఫీసు ఖాళీ అయ్యాక నన్ను పిలిచారు.

"ఏమయ్యా, ఆ జవాబు నువ్వేనా వ్రాసింది?"

"అవునండి. అబద్ధమేమీ వ్రాయలేదండి."

"అబద్ధం లేదు. నిజమూ లేదు. కూర్చో."

అప్పుడు ఆయన నోట విన్నాను ముంద్రా కథ. 1957లో ఆయన మా లాగే కుర్ర గుమాస్తా. పేపరులో ఆ చర్చలు రోజూ చదివి తోటివారికి వినిపించేవారట. "సభలో ఇచ్చిన జవాబు నోట్ ఫైలుతో పోయేది కాదు. ఎన్నేళ్ళకైనా ఎవడో ఒకడు తీసి చూస్తాడు. ఫిరోజ్ గాంధీ లాంటి వాడు సభలో ఉంటే రెండో ప్రశ్న వేస్తాడు. లేడు కాబట్టి నువ్వు బతికిపోయావు. వరండాలో కూర్చున్న ఆమె మాత్రం బతకలేదు" అన్నారు.

మర్నాడు నుండి ఆయన చెప్పినట్టు, తిప్పి పంపిన కేసులకు వేరే రిజిస్టరు తెరిచాను. నెలకొకసారి ఒక్కొక్కదానికి గుర్తుచేస్తూ లేఖ వ్రాసేవాడిని. కొన్ని అభ్యంతరాలు మా ఆఫీసు కాగితాల్లోనే జవాబు దొరికేవి. అవి చూసుకోకుండానే తిప్పి పంపామన్నమాట. ఆమెకు మరుసటి ఏడాది కుటుంబ పింఛను మంజూరైంది. ఆ జాబితాలో ఒకరిద్దరికి మాత్రం ఉత్తర్వు అందేలోపే కాలం తీరిపోయింది. వారి పేర్లు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. ఇన్నేళ్ళలో ఈ సంగతి ఎక్కడా చెప్పలేదు. మన సంచికలో కాక ఇంకెక్కడ చెప్పుకుంటాను?

ఈ రోజుల్లో ఫలానా ఎం.పి. ఎన్ని ప్రశ్నలు వేశారు, ఎన్ని చర్చల్లో పాల్గొన్నారు, హాజరు ఎంత శాతం అని పట్టికలు వేస్తున్నారు. మంచిదే. లోక్‌సభలో ఒక రోజుకు మౌఖిక జవాబు కోసం 20 ప్రశ్నలు, లిఖితపూర్వక జవాబు కోసం 230 ప్రశ్నలు జాబితాలో చేరుతాయి. సంఖ్య పెంచుకోవాలంటే లిఖిత ప్రశ్నలు పంపవచ్చు. లిఖిత జవాబుకు అక్కడికక్కడ అనుబంధ ప్రశ్న ఉండదు. నక్షత్రపు గుర్తు వేసిన ప్రశ్నకే మంత్రి లేచి నిలబడి జవాబు చెప్పాలి, ఆ పైన అడిగినదానికీ చెప్పాలి. ఫిరోజ్ గాంధీ గారి పేరు నిలబెట్టింది ప్రశ్నల సంఖ్య కాదు. జవాబు సరిగా లేదని తెలిసేటంతగా ముందే చదువుకొని రావడం, అది వచ్చేదాకా సెప్టెంబరు నుండి డిసెంబరు వరకు వదలకపోవడం. టాటా వారి రైలింజన్ల ధర ఎక్కువగా ఉందని నిలదీసినప్పుడు కూడా ఆయన అదే పద్ధతి పాటించారు. తన లాంటి పార్సీల కంపెనీ అని మొగమాటపడలేదు.

ఆయన 1960 సెప్టెంబరు 8న గుండెజబ్బుతో కన్నుమూశారు. నలభై ఎనిమిదేళ్ళు నిండడానికి ఇంకా నాలుగు రోజులుంది. ఆయన చేయించిన పత్రికల చట్టాన్ని ఎమర్జెన్సీలో, 1975 డిసెంబరులో, ఆర్డినెన్సుతో రద్దు చేశారు. అప్పటి ప్రధానమంత్రి ఆయన సతీమణే. 1977లో కొత్త ప్రభుత్వం దానిని తిరిగి చట్టం చేసింది. మరుసటి ఏడాది 44వ సవరణ ద్వారా ఆ రక్షణ రాజ్యాంగంలోకే ఎక్కింది. మా నాన్నగారి పాలసీ 1964లో గడువు తీరింది. సొమ్ము పైసలతో సహా వచ్చింది. మా అక్కయ్య పెళ్ళికి పనికివచ్చింది.

చివరగా మన సంఘానికి ఒక విన్నపం. కరువు భత్యం బకాయిలనీ, వైద్య ఖర్చులనీ మనం శాసనసభ్యులకు, పార్లమెంటు సభ్యులకు వినతిపత్రాలు ఇస్తూనే ఉన్నాము. దండ వేసి, ఫోటో తీయించుకొని, కాగితం చేతిలో పెట్టి వస్తున్నాము. ఇకమీదట ఆ కాగితానికి రెండవ కాగితం ఒకటి జతచేద్దాం. ఉత్తర్వు నంబరు, తేదీ, మన జిల్లాలో ఎందరికి ఏమి రావాలి, ప్రభుత్వం ఏ జవాబు చెప్పవచ్చు, ఆ జవాబులో ఏమి దాగి ఉంటుంది, అప్పుడు అడగవలసిన అనుబంధ ప్రశ్న ఏమిటి, అన్నీ అందులో ఉండాలి. జవాబులు ఎలా వ్రాస్తారో మనకంటే బాగా తెలిసినవారు ఎవరున్నారు? జీవితమంతా వ్రాసినవాళ్ళమే కదా. తయారు చేసే పని ఎవరైనా అప్పగిస్తే, కళ్ళజోడు మార్చుకొని నేను సిద్ధంగా ఉన్నాను.

సెలవు.